సనిబారం, శనివారం

పాఠకుడి ఉత్తరం:

"మాది బరంపురం. మూడు తరాలుగా ఇక్కడే ఉన్నాం. రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. నాకో జబ్బుంది. ఎవరైనా మాట తప్పుగా పలికితే చెవిలో ఇసుక పోసినట్టుంటుంది. చిన్నప్పుడు మా తెలుగు మాస్టారు బెత్తం పట్టుకుని నేర్పిన ఉచ్చారణ నాది. మా ఆవిడది ఇచ్ఛాపురం దగ్గర పల్లె. 'పెల్లి', 'నీల్లు', 'నేదు', 'సాలా' అంటుంది. నలభై ఏళ్ళుగా దిద్దుతున్నా మారలేదు. కొడుకు బెంగళూరులో చదివొచ్చి 'ఫలహారం' అన్నా 'ఫోన్' అన్నా ఒకే ఫ పలుకుతాడు. ఏడేళ్ళ మనవరాలు 'చాలా' అంటే 'చంద్రుడు'లో చ వినిపిస్తుంది. అందరినీ మించింది కోడలు. రాయగడ తెలుగువాళ్ళ పిల్లే, కానీ చదువంతా ఒడియా మీడియం. యోగాని 'జోగా' అంటుంది, లక్ష్మిని 'లొఖ్మి' అంటుంది. మూడు నెలల కిందట రాత్రి భోజనాల దగ్గర 'మావయ్యగారూ, సనిబారం ఉల్లిపాయ తింటారా?' అని అడిగింది. 'శనివారం' అన్నాను. 'సనివారం' అంది. 'శ... శ...' అని మూడుసార్లు అనిపించాను. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి నాతో ఒడియాలోనే మాట్లాడుతోంది. 'బాపా, ఖాఇబే?' (నాన్నా, తింటారా?) అంటుంది, వడ్డిస్తుంది, వెళ్ళిపోతుంది. మర్యాదలో లోటు లేదు. ఇంట్లో తెలుగు నిలబడాలనే కదా నా తపన! ఏం చెయ్యాలో అర్ధం కావడం లేదు. తప్పు నాదేనంటారా?"

సమాధానం:

అయ్యా, నమస్కారం. మీ జబ్బు నాకూ ఉంది, అందుకని ముందు నా సంగతి చెబుతాను. మాది పర్లాకిమిడి. ఎవరైనా 'బాధ'ని 'భాద' అని రాస్తే నాకు నిజంగానే బాధ కలుగుతుంది. ఒత్తు ఉండాల్సిన చోట తీసి, అక్కర్లేని చోట పెట్టడానికి ఎంత శ్రమ పడాలో ఆలోచించండి! ఒకసారి పిల్లల పోటీలకి నన్ను పిలిచారు. వేదిక మీద బ్యానర్ మీద 'బహుమతి ప్రధానోత్సవం' అని ఉంది. ప్రదానం అంటే ఇవ్వడం. ప్రధానం అంటే ముఖ్యమైనది, లేదంటే పెళ్ళికి ముందు ఉంగరాలు మార్చుకునే తంతు. కార్యక్రమం సాగినంతసేపూ నా కళ్ళు ఆ ధ మీదే. ఏ పిల్ల ఏం పాడిందో ఒక్కటీ గుర్తు లేదు. కాబట్టి చెవిలో ఇసుక అంటే ఏమిటో నాకు విడమరిచి చెప్పక్కర్లేదు.

అయితే ఆ జబ్బున్న మనిషిని గనుకనే మీ ఉత్తరంలో ఒకటి కనబడింది. చివరికి 'అర్ధం కావడం లేదు' అని రాశారు. అర్ధం అంటే సగం. మీరు రాయాల్సింది అర్థం, థ ఒత్తుతో. బెత్తం దెబ్బలు తిన్న చెయ్యి కూడా ఇక్కడ జారిందన్నమాట. ఇందులో ఎగతాళేమీ లేదు, తెలుగునాట సగం మంది ఈ మాటని ఇలాగే రాస్తారు, పలికేటప్పుడైతే ఒత్తు అసలు వినబడదు. మీరు 'భోజనం' అన్నప్పుడు మొదటి అక్షరం భ అవుతుందో బ అవుతుందో రేపు ఓసారి వినండి. నావరకు నాది బోజనమే.

ఇంతకీ మీ ఇంట్లో వాళ్ళ మీద మీరు పెట్టిన కేసులన్నీ ఒక రకం కావు. అన్నిటినీ ఒకే గంపలో వేసి 'తప్పు ఉచ్చారణ' అన్నారు. విడదీసి చూద్దాం.

ముందు మీ ఆవిడ. ఆవిడది తప్పు కాదు, ఊరు. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, అటు టెక్కలి దాకా వెళ్ళండి, ఎందరో 'నేదు' అనే అంటారు, 'లెగు'ని 'నెగు' అంటారు. ల, న రెండూ నాలుక కొస పళ్ళ దగ్గర ఆనించి పలికేవే, ఒకదాని స్థానంలోకి ఇంకొకటి జారడం భాషల్లో మామూలు. సంస్కృతంలో లాంగలం అంటారు, మనం నాగలి అంటాం, ఆ రెండిటికీ ఉన్న చుట్టరికం ఇలాంటిదే. ఇక 'సాలా', 'సెప్పు' అనేవి శ్రీకాకుళం పలుకు. ళ బదులు ల అనడం ఉత్తరాంధ్రలోనే కాదు, చాలా చోట్ల ఉంది. 'కళ్ళు'ని 'కల్లు' అంటే కల్లు ముంత గుర్తొస్తుందని మాస్టార్లు భయపెడతారు గానీ, కళ్ళు మండుతున్నాయన్న మనిషికి ఎవరైనా ముంత తెచ్చిచ్చారా?

పైగా ళ కోసం కత్తి దూసే మనం ఏ ఏ అక్షరాలు పోగొట్టుకున్నామో కూడా చూసుకోవాలి. 6వ శతాబ్దపు రేనాటి చోళుల శాసనాల్లో 'చోళ' అన్న మాటలో ఇప్పటి ళ లేదు. తమిళులు ఇప్పటికీ పలికే ఆ వేరే అక్షరం ఉంది. నన్నయ నాటికే అది మన నోట్లోంచి పోయింది. నన్నయ కాలంలో ర వేరు, ఱ వేరు, పద్యం ప్రాసలో రెంటినీ కలపకూడదు. ఇప్పుడు గుర్రంలోని ఱని గుర్తుపట్టి పలికేవాళ్ళని నేను చూడలేదు. నన్నయ లేచొచ్చి మన మాట వింటే, మీకు మీ ఆవిడ మాట వింటే ఎలా ఉంటుందో ఆయనకి మన మాట అలా ఉంటుంది. నలభై ఏళ్ళు దిద్దినా ఆవిడ మారలేదంటే అది మొండితనం కాదు. వాళ్ళమ్మ మాట అది. మీరు దిద్దవలసింది ఆవిణ్ణి కాదు.

కొడుకు సంగతి వేరు. అతనిది ఊరి పలుకు కాదు, అక్షరం చేసిన మోసం. మనకి ఫ ఒక్కటే ఉంది. ఫలం అన్నప్పుడు అది ప కి ఒత్తు, పెదాలు రెండూ మూసి గాలితో తెరవాలి. ఫోన్ అన్నప్పుడు పై పళ్ళు కింది పెదవి మీద ఆనాలి. రెండు శబ్దాలకీ ఒకే అక్షరం పెట్టాక, రోజుకి వందసార్లు ఫోన్ అనే నోరు ఫలితాన్ని కూడా పళ్ళతోనే పలుకుతుంది. అతన్నొక్కణ్ణే అని లాభం లేదు, టీవీలో వార్తలు చదివేవాళ్ళలో ఎక్కువమంది ఫలితాలని ఇలాగే చదువుతారు. ఇది పోయేది కాదని నా అనుమానం. పోనివ్వండి. అచ్చ తెలుగు మాటల్లో ఒత్తు అక్షరాలే లేవని మన వ్యాకరణాలు చెబుతాయి. (నలభై, తొంభైలలో ఆ భ ఎలా దూరిందో మరి! లెక్కలు రాసినవాళ్ళనే అడగాలి.) సంస్కృతం నుంచి అరువు తెచ్చుకున్న ఒత్తు, ఇంగ్లీషు నుంచి అరువు తెచ్చుకున్న శబ్దానికి చోటిచ్చింది. అరువు సొమ్ము, అరువు సొమ్ము కొట్టుకుంటే మనకెందుకు తగువు?

ఇప్పుడు కోడలు. అసలు కేసు ఇదీ.

ఒడియా బడిలో చదివిన పిల్ల నోరు ఎలా తయారవుతుందో ఆ బడి పక్కన పెరిగిన నాకు తెలుసు. అక్కడ శ, ష, స మూడూ రాస్తారు, పలికేది మాత్రం ఒకటే స. మాట మొదట్లో య వస్తే జ. వ చాలా మాటల్లో బ. క్ష అంటే ఖ్య. అ అన్నది పెదాలు గుండ్రంగా చుట్టి దాదాపు ఒ లాగా. ఇవన్నీ ఆ భాషలో తప్పులు కావు, ఆ భాషకి అవే ఒప్పులు. శనివారం అక్కడ సొనిబారొ. ఆ అమ్మాయి బడిలో పదేళ్ళకి పైగా అదే విని, అదే పలికి, అలా పలికినందుకే మార్కులు తెచ్చుకుని మీ ఇంటికొచ్చింది. వచ్చి చివర సున్నా చేర్చి 'సనిబారం' అంది. ఆ సున్నా మీ కోసం చేర్చిందండీ. అది మీకు వినబడలేదు.

యోగాని జోగా అంటోందని మీ ఫిర్యాదు. మరి మీ ఊళ్ళో రెండేళ్ళకోసారి ఠాకురాణీ అమ్మవారికి జరిగేదాన్ని మీరేమంటారు? జాతర. అది యాత్ర నుంచి వచ్చిన మాట. యముణ్ణి జముడు అన్నాం, యంత్రాన్ని జంత్రం అన్నాం, యజ్ఞాన్ని జన్నం చేశాం. య ని జ చెయ్యడం మనం ఎప్పుడో చేసేసిన పని, చేసి నిఘంటువుల్లో కూడా ఎక్కించుకున్నాం. లక్ష్మి 'లొఖ్మి' అయితే చెవికి కష్టంగా ఉందన్నారు, కానీ మన పల్లెల్లో లచ్చమ్మలు ఎంతమంది! శంఖం సంకు అయింది, శ్రీ సిరి అయింది. తప్పు పలికితే పలికాం, పండితులు దానికి తద్భవం అని పేరు పెట్టారు. పేరు పెట్టేశాక తప్పు పోయింది. మీ కోడలిది ఇంకా పేరు పెట్టని తద్భవం అనుకోండి.

అసలు మీరు ఉత్తరం మొదట్లోనే 'మాది బరంపురం' అన్నారు. రైలు స్టేషన్ బోర్డు మీద ఉన్నది బ్రహ్మపూర్. మీరు రైల్వేలో చేశారు గనుక ఆ బోర్డు కింద ఎన్ని వేలసార్లు నడిచి ఉంటారో! బ్రహ్మని పట్టుకుని 'బరం' చేసిన నాలుకలు మన తెలుగు నాలుకలే. ఆ మాట మీ చెవికి ఇసుకలా లేదు, అమ్మ పిలుపులా ఉంది. మా ఊరికీ ఇదే గొడవ. మేం పర్లాకిమిడి అంటాం, ఒడియావాళ్ళు పారళాఖెముండి అంటారు. బస్సు కండక్టరు ఇటు వచ్చేటప్పుడు ఒకలా, అటు వెళ్ళేటప్పుడు ఒకలా అరుస్తాడు. ఎవరూ బస్సు తప్పిపోలేదు.

ఇంకో సంగతి. మీరు రాసిన జాబితాలో కోడలి మీద ళ గురించి, ణ గురించి, ఒత్తుల గురించి ఒక్క మాట లేదు. ఎందుకో ఆలోచించారా? ఆ పిల్ల వాటిని తప్పు పలకదు గనక. ఒడియాలో ళ బలంగా పలుకుతారు, ణ నాలుక వెనక్కి మడిచి పలుకుతారు. ఖ, ఘ, ధ, భ అయితే ఇంకా గట్టిగా. మీ ఇంట్లో 'పెళ్ళి', 'ప్రాణం', 'భోజనం', 'అర్థం' అనే నాలుగు మాటల్నీ మీ మాస్టారి బెత్తానికి భయపడకుండా పలకగలిగిన మనిషి బహుశా ఆ అమ్మాయే. నమ్మకం లేకపోతే చిన్న కాగితం ముక్క తీసుకోండి, వేలెడు వెడల్పుది, బస్సు టిక్కెట్టంత పల్చనిది. పెదాల ముందు వేలాడేలా పట్టుకుని 'పండు' అనండి. కాగితం పెద్దగా కదలదు. 'ఫలం' అనండి. ఒత్తు నిజంగా పలికితే కాగితం ఎగిరిపడాలి. నేను ఈ ఉత్తరం రాసే ముందు చేసి చూశాను. నాది కొంచెం వణికింది, అంతే. మా వీధిలో ఇస్త్రీ చేసే ఒడియా అబ్బాయిని పిలిచి 'ఫొళొ' అనమన్నాను. కాగితం ముక్కు మీదికి లేచింది. వాడు నన్ను అదోలా చూశాడు.

మా ఊళ్ళో గిడుగు రామమూర్తి పంతులుగారు ఉండేవారని మీకు తెలిసే ఉంటుంది. ఆయన పుట్టిన ఆగస్టు 29ని ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం అంటున్నారు. 1880లో కుర్ర మాస్టారుగా పర్లాకిమిడి వచ్చి, 1936 దాకా ఇక్కడే ఉన్నారు. జనం మాట్లాడే తెలుగుని పుస్తకాల్లోకి రానివ్వమని పండితులతో పోట్లాడిన మనిషి. ఆయన్ని అందరూ దానికే తలుచుకుంటారు, నాకు మాత్రం వేరే సంగతి ఎక్కువ గుర్తొస్తుంది. ఇక్కడి కొండల్లో సవరల మధ్య తిరిగి వాళ్ళ భాష నేర్చుకున్నారు. దానికి వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. ఆ తిరుగుళ్ళలో మన్యపు జ్వరం పట్టుకుంది, దానికి క్వినైన్ వాడారు, క్వినైన్‌తో చెవులు దెబ్బతిన్నాయి. చెవి సరిగా వినబడని మనిషి, తన నోటికి కొత్తయిన పలుకుల్ని, మన అక్షరాల్లో ఇమడని వాటిని, ఉన్నవి ఉన్నట్టు రాసుకోవడానికి ఏళ్ళ తరబడి కూర్చున్నాడు. సవర మనిషి ఒక మాట అంటే 'అలా కాదు' అనలేదు, 'మళ్ళీ అను' అని ఉంటాడు. అవి రెండూ ఒకేలా వినబడతాయి గానీ ఒకటి కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. మనవాళ్ళు ఇక్కడే ఉండిపోయారు. మీ తాతగారూ, మా తాతగారూ. ఉండిపోయినవాళ్ళ తెలుగులో ఒడియా కలవదా మరి?

నేనేమీ పుట్టుకతోనే ఇంత ఉదారంగా లేను. పన్నెండేళ్ళప్పుడు వేసవి సెలవులకి రాజమండ్రిలో మా పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. అక్కడ నేను నోరు తెరిస్తే చాలు, అక్కలూ బావలూ పడీ పడీ నవ్వారు. 'ఏటి' అన్నా నవ్వే, 'నేదు' అన్నా నవ్వే. పది రోజులు నోరు కట్టుకుని కూర్చుని, వాళ్ళ మాటంతా పట్టేశాను. తిరిగొచ్చాక ఆ నవ్వుని తెచ్చి మా అమ్మ మీద పెట్టాను. 'నేదు కాదమ్మా, లేదు.' 'ఏటి కాదు, ఏమిటి.' అమ్మ మొదట్లో 'ఓలమ్మ, పెద్ద పంతులమ్మొచ్చిందే' అని నవ్వేది. తర్వాత నవ్వడం మానేసింది. ఓ సాయంత్రం పక్కింటావిడ గిన్నె పట్టుకుని పెరుగు తోడుకి వచ్చింది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి 'తోడు నే...' అంది. అని నా వైపు చూసింది. నేను అరుగు మీద పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. 'లేదమ్మా' అంది. ఆ మధ్యలో ఆగిన 'నే' ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. అంతకు ముందు అమ్మ ఆవిడతో గుమ్మంలో అరగంట మాట్లాడేది, ఆ రోజు రెండు మాటలతో పంపేసింది. పెద్దయ్యాక ఎన్నిసార్లు అడిగినా నా ఎదుట పాత మాటతో చిన్నప్పటి నక్క కథ చెప్పలేదు. చెప్పినా, పేపరు చదివినట్టు చెప్పేది. ఆ కథలో నక్క 'ఏమిటి' అంటే ఏం బావుంటుంది చెప్పండి?

మీ కోడలు చేసింది అదే పని, కొంచెం తెలివిగా. మా అమ్మకి వెళ్ళడానికి ఇంకో భాష లేదు, ఆ అమ్మాయికి ఉంది. ఎవరూ తప్పు పట్టని భాషలోకి వెళ్ళిపోయింది. 'బాపా' అంటోందంటే కోపం లేదన్నమాట, జాగ్రత్త మాత్రమే. మీరు ఇంట్లో తెలుగు నిలబడాలన్నారు. మూడు నెలల కిందట మీ భోజనాల దగ్గర రోజుకి ఎన్ని తెలుగు మాటలు వినబడేవో, ఇప్పుడెన్ని వినబడుతున్నాయో మీరే లెక్కేసుకోండి. మీరు గుమాస్తాగిరీ చేసినవారు, లెక్క నేను చెప్పక్కర్లేదు.

ఇంకోటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ ఒడియా ఎలా ఉంటుంది? మూడు తరాల బరంపురం వాళ్ళయినా మన తెలుగువాళ్ళ ఒడియాని మూడో మాటకి పట్టేస్తారు. వాళ్ళు పెదాలు చుట్టి 'జొళొ' అనే చోట మనం నోరు తెరిచి 'జళ' అంటాం. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ ఒడియా అధికారైనా, బజార్లో ఏ కూరగాయలావిడైనా మిమ్మల్ని ఆపి 'అలా కాదు, ఒ... ఒ...' అని మూడుసార్లు అనిపించిందా? నన్నయితే ఎవరూ ఆపలేదు. మంచినీళ్ళు అడిగితే మంచినీళ్ళు ఇచ్చారు.

సరే, ఏం చెయ్యాలి? క్షమాపణల సభలేవీ పెట్టకండి. కొడుకుని మధ్యవర్తిగా పంపకండి, అది ఇంకా పెద్దదవుతుంది, ఆ పిల్లకి టెన్షన్. ఆ అమ్మాయి ఒడియాలో అడిగినా మీరు తెలుగులో జవాబు చెప్పండి, మామూలుగా, నాలుగు మాటలు ఎక్కువగా. 'పప్పు బావుందమ్మా, మీ రాయగడలో ఇందులో ఏం వేస్తారు?' అనండి. జవాబులో ఏ శ ఏ స అయినా మీ ముఖంలో ఏమీ కదలకూడదు. ఇదే కష్టం. కనుబొమ్మ కదిలినా వాళ్ళకి తెలిసిపోతుంది, నాకు అనుభవం. మొదట్లో నేను నీళ్ళ గ్లాసు ఎత్తి తాగుతున్నట్టు నటించేదాన్ని. ఒక నెలలో కడుపు నిండా నీళ్ళే.

పేర్ల విషయంలో మాత్రం ఊరుకోవద్దు. ఎవరి పేరు వాళ్ళు చెప్పినట్టు పలకాలని ఇంటిల్లిపాదికీ చెప్పండి, మీరూ పాటించండి. ఇక్కడి బళ్ళలో వాణి 'బాణీ' అవుతుంది, వెంకటరావు 'బెంకట్రావు' అవుతాడు. వినే మనిషికి అది గుచ్చుకుంటుంది, కాగితాల్లో ఎక్కిందంటే జన్మంతా తిరగాలి. అలాగే ఒడియా పేర్లని మనం కొరికి నమిలి పలుకుతాం, అదీ మానాలి. రాతలో అర్థం మారే చోట, అంటే అర్థం, అర్ధం, ప్రదానం, ప్రధానం లాంటివి, అడిగినప్పుడు చెప్పండి. కాగితం మీద దిద్దితే నోరు మూతపడదు.

మనవరాలి సంగతి తేలిక, సరదా కూడా. ఆ పిల్ల తప్పేం లేదు. తెలుగులో చ రెండు రకాలుగా పలుకుతాం, రాసేది ఒకటే. చేప, చీమ, చెట్టు అన్నప్పుడు నాలుక మధ్య భాగం పైకి లేస్తుంది. చాప, చలి, చుక్క అన్నప్పుడు నాలుక కొస పళ్ళ మొదళ్ళకి తగులుతుంది. జొన్న, జల్లెడలో జ కూడా అంతే. పాత నిఘంటువుల్లో ఈ రెండో రకానికి చ మీద చిన్న గుర్తు పెట్టి వేరే అక్షరంగా చూపేవారు, బడి పుస్తకాల్లో అది లేదు. ఒడియా బడిలోనూ, ఇంగ్లీషు బడిలోనూ ఆ శబ్దమే వినబడదు. మరి పిల్లకి ఎక్కణ్ణుంచి వస్తుంది? మీ నోటి నుంచే రావాలి. కాబట్టి ఆపి దిద్దకండి. పాప 'చాలా బావుంది తాతా' అంటే 'అవునే, చాలా బావుంది' అని మీ చ తో మీరు అనండి. మాట అక్కడే ముగించి కథలోకి వెళ్ళిపోండి. లేదంటే చాప మీద చేపల ఆట ఆడండి. నేల మీద చాప పరిచి, కాగితంతో చేపలు కత్తిరించి 'చాప మీద ఎన్ని చేపలు?' అని అడగడమే. మా చెల్లెలి మనవడికి నాలుగు రోజుల్లో వచ్చేసింది. వాడు ఇప్పుడు చంద్రుణ్ణి కూడా చాపలో చ తో పిలుస్తున్నాడు, అది వేరే కథ.

కాగితం ముక్క పరీక్ష అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు పెట్టండి. ముందు మీరే 'ఫలం' అనండి, తర్వాత మీ అబ్బాయి. అతని గాలి సన్నగా, ఆగకుండా పోతుంది, కాగితం పక్కకి వాలుతుంది గానీ ఎగరదు. ఆఖరున కోడలికి ఇవ్వండి. కాగితం ఎగిరినప్పుడు ఏమీ అనక్కర్లేదు, పాప ఎలాగూ చప్పట్లు కొడుతుంది.

ఇదంతా అయ్యేలోగా చెయ్యాల్సిన పని ఒకటుంది. మీ ఉత్తరం మళ్ళీ చదివాను. మూడు నెలల కిందట ఆ అమ్మాయి మిమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది. మీరు మూడుసార్లు శ అనిపించారు గానీ, శనివారం ఉల్లిపాయ తింటారో తినరో ఇప్పటికీ చెప్పలేదు. వచ్చే శనివారంలోగా చెప్పండి, వంట చేసుకోవాలి కదా ఆవిడ.